రక్తంలో మూడో మనిషి

జల్లెడ ఇచ్చిన కాగితంలో ఇద్దరుండాల్సిన చోట ముగ్గురున్నారు.

డాక్టర్ ఇందుమతి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. మొదటి వరసలో తల్లి, నాగవేణి. రెండో వరసలో ఆమె కడుపులోని పదకొండు వారాల బిడ్డ. మూడో వరసలో పేరు లేదు. ‘నలభై ఒక్క కణాలు, సజీవం’ అని మాత్రం ఉంది.

“షంషాద్, ఇందులో వేరేవాళ్ళ రక్తమేమైనా కలిసిందా?”

“లేదు మేడమ్, కొత్త ట్యూబే. నాకూ అనుమానమొచ్చి రెండుసార్లు వేసి చూసినా. రెండుసార్లూ ముగ్గురే వస్తాండారు.”

ధర్మవరంలో ఇందుమతి ప్రాక్టీసు పెట్టి ఇరవై తొమ్మిదేళ్ళు. మగ్గాల వీధుల్లో ఆమెకు తెలియని ఇల్లు లేదు. ఏ ఇంట్లో ఎవరికి చక్కెర జబ్బో, ఎవరు ఎవరి మేనకోడల్ని చేసుకున్నారో నోటికి చెప్పగలదు. ఆ మేనరికాల వల్లే ఆ వీధుల్లో ఒక జబ్బు తరతరాలుగా దిగబడిపోయింది. బిడ్డ బాగానే పుడుతుంది. మూడు నెలలకు మెడ నిలవదు. ఏడాదికి చేతులు లేవవు. ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడతాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, పుట్టే నలుగురిలో ఒకరికి వచ్చే ప్రమాదముంది. అందుకే గర్భిణులందరికీ ముందుగా పరీక్ష చేయించుకోమని చెప్పి, ఫలితం వచ్చాక పక్కన కూర్చుని వివరించడం ఇందుమతి పనుల్లో అన్నిటికన్నా బరువైన పని.

ఆ పరీక్ష కోసమే బెంగళూరు పరిశోధకులు ఆరు నెలల కిందట ఈ యంత్రాన్ని ఆమె క్లినిక్‌లో పెట్టారు. దానికి చాంతాడంత పేరుంది. ల్యాబ్ చూసే షంషాద్ మాత్రం మొదటి రోజే దానికి జల్లెడ అని పేరు పెట్టేసింది. తల్లి రక్తం చెంచాడు పోస్తే, అందులో తిరుగుతున్న కణాలను మనిషికో గుంటలోకి వేరుచేస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా చెబుతుంది. ఆడా మగా అన్నది మాత్రం చట్టప్రకారం చెప్పదు.

ఇందుమతి బెంగళూరుకు ఫోన్ చేసింది. యంత్రాన్ని తయారుచేసిన కులశేఖర్ తొణక్కుండా విన్నాడు.

“ఆమెకు ఇంతకుముందు గర్భం వచ్చిందా డాక్టర్?”

“ఆరేళ్ళ కింద. పద్నాలుగో వారంలో తీయించాం.”

“అయితే అది ఆ బిడ్డే. గర్భం పోయినా కొన్ని కణాలు తల్లి ఒంట్లోనే ఏళ్ళ తరబడి బతుకుతాయి. పాత యంత్రాలకు అవి దొరికేవి కావు. రెండో పేజీ చూడండి, బంధుత్వం రాసుంటుంది.”

రెండో పేజీలో ఉంది. మూడో మనిషి, కడుపులో ఉన్న బిడ్డకు తోబుట్టువు. ఆ కింద జబ్బు వివరాలు. కడుపులో ఉన్న బిడ్డకు రెండు జన్యువులూ లోపమే, అంటే జబ్బు ఖాయం. మూడో మనిషికి ఒకటి లోపం, ఒకటి మంచిది. అంటే తల్లిదండ్రుల్లాగే జబ్బు లేని మనిషి.

ఇందుమతి ఫోన్ పెట్టేసింది. ఆరేళ్ళ కింద నాగవేణి చెయ్యి పట్టుకుని, “బిడ్డకు జబ్బుంది తల్లీ, పుట్టినా నిలవదు” అని చెప్పింది తనే.

బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. ఆ తేదీన ఇద్దరి రక్తం బెంగళూరుకు వెళ్ళింది. నాగవేణిది, అదే వీధిలో ఉండే గంగరత్నది. ఆ రోజు షంషాద్ సెలవు. ట్యూబులకు పేర్లు రాసి అంటించింది ఇందుమతే. గంగరత్న కడుపులోని బిడ్డకు ఏ జబ్బూ లేదని రిపోర్టు వచ్చింది. ఆమె కొడుకు మెడ నిలవకుండానే పదహారు నెలలు బతికి పోయాడు. వాడిని చివరిదాకా చూసింది కూడా ఇందుమతే. వందలో ఒకసారి పరీక్ష తప్పుతుంది అని గంగరత్నకు నచ్చచెప్పింది. తనకూ అలాగే చెప్పుకుంది.

పరీక్ష తప్పలేదు. పేర్లు తారుమారయ్యాయి.

మర్నాడు నాగవేణి, లోకనాథ్ వచ్చారు. నాగవేణికి ముప్పై దాటలేదు, మనిషి మాత్రం పెద్దదానిలా కనిపిస్తుంది. లోకనాథ్ వేళ్ళకు పట్టు రంగు అంటుకుని ఉంది. ఇందుమతి కడుపులో ఉన్న బిడ్డ సంగతి మాత్రమే చెప్పింది. మూడో వరస మీద కాగితాన్ని మడిచి పెట్టుకుంది.

“మళ్ళీనా మేడమ్?” అన్నాడు లోకనాథ్.

నాగవేణి ఏడవలేదు. “ఇంకొక్కసారి చూడండి మేడమ్. ఈసారి నాకేందో వేరేగా ఉండాది.”

“వేరేగా అంటే?”

“ఒంట్లో ఏందో నడుస్తాన్నట్టు ఉంటాది. వీపు కాడ్నుంచి కిందికి, గోరువెచ్చగా. ఈయనకు చెప్తే నరాలంటాడు.”

పన్నెండో వారంలో మళ్ళీ రక్తం తీశారు. కాగితం బయటికి రాగానే షంషాద్ కుర్చీలోంచి లేచి నిలబడింది. మూడో మనిషి కణాలు నలభై ఒకటి నుంచి తొమ్మిది వేలకు పెరిగాయి. బిడ్డ వరసలో ఎప్పుడూ చూడని మాట పడింది: ‘మిశ్రమం’. బిడ్డ కణాల్లో నూటికి ఇరవై రెండు బిడ్డవి కావు. పోయిన పెద్దబిడ్డవి.

కులశేఖర్ ఆ మధ్యాహ్నానికే కారులో దిగాడు. సన్నగా, నెరసిన గడ్డంతో, మెల్లగా మాట్లాడే మనిషి. భోజనం కూడా చెయ్యకుండా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. గాజుపలక మీద ఒక అంచున మూడో మనిషి కణాలు, రెండో అంచున బిడ్డ మాయలోంచి వచ్చిన కణాలు పెట్టి, మధ్యలో ఖాళీ వదిలాడు.

“చూడండి డాక్టర్.”

ఇందుమతి వంగి చూసింది. మొదట ఏమీ కనపడలేదు. కొంతసేపటికి ఎడమ అంచు కదిలింది. ఒక్కో కణం కాలు చాచినట్టు సాగి, మిగతా ఒంటిని లాక్కుంటూ ఖాళీ దాటుతోంది. ఒకటి దాటాక ఇంకొకటి. పక్కకు పోయేది లేదు, వెనక్కి తిరిగేది లేదు. అవతలి అంచును చేరినవి అక్కడి బలహీనమైన కణాలను ఆనుకుని నిలబడ్డాయి. తర్వాత ఆ బలహీనమైనవి కనిపించలేదు.

షంషాద్ కూడా చూసి, ఏదో ప్రార్థన గొణుక్కుంటూ కొంగు తలమీదికి లాక్కుంది.

“గాయం ఎక్కడుంటే అక్కడికి పాత బిడ్డల కణాలు చేరతాయని మాకు తెలుసు. తల్లి గుండెలో, కాలేయంలో చూశాం. కడుపులో ఉన్న బిడ్డలోకి పోవడం ఇదే మొదలు” అన్నాడు కులశేఖర్. “ఇలాగే సాగితే కండరాలన్నీ మంచివే తయారవుతాయి. బిడ్డ బతుకుతుంది. నడుస్తుంది.”

“వాళ్ళకేమని చెప్పాలి?”

అతను ఆమె మొహం చూడకుండా పలక తుడిచాడు. “మొన్నటి పరీక్ష పొరపాటు, బిడ్డ బాగానే ఉందని చెప్పొచ్చు. అది కూడా మెల్లగా నిజమే అవుతుంది కదా. పాతదంతా తవ్వితే ఎవరికి మేలు?”

ఆ మాట ఇందుమతికి ఎంత తియ్యగా వినిపించిందంటే, ఆమెకు తన మీద తనకే భయమేసింది. రెండు రోజులు ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగింది. వచ్చినవాళ్ళకు మందులు రాసింది, పిల్లలకు సూదులేసింది. మూడో రోజు ఒకావిడ ట్యూబు మీద పేరు రాయబోయి, కలం కింద పెట్టేసింది. క్లినిక్ షంషాద్‌కు అప్పగించి నాగవేణి ఇంటికి నడిచింది.

గుంట మగ్గం ముందు కూర్చుని లోకనాథ్ నేస్తున్నాడు. డాక్టరును చూసి ఆపేశాడు. అతని తల్లి చౌడమ్మ మంచం మీద దుప్పటి పరిచింది. నాగవేణి గడప పక్కన గోడకానుకుని కూర్చుంది.

ఇందుమతి ఏదీ దాచలేదు. ట్యూబుల సంగతి, తన చేతిరాత, ఆరేళ్ళ కింద తీయించిన బిడ్డకు జబ్బు లేదన్న సంగతి, ఆ బిడ్డ కణాలు ఇప్పుడు చేస్తున్న పని, అన్నీ చెప్పింది. చెప్పడం అయిపోయేసరికి పక్కింటి మగ్గం టకటకలాడుతోంది.

మొదట చౌడమ్మ చేతులు జోడించింది. “తల్లీ చౌడేశ్వరీ! పెద్దది తిరిగొచ్చిందే! పోయిందనుకున్నది కడుపులోనే ఉండాదే!”

“ఊరుకోమ్మా!” లోకనాథ్ గట్టిగా అరిచాడు. గుంటలోంచి లేచి ఇందుమతి ముందు నిలబడ్డాడు. “బాగుండే బిడ్డను తీయిస్తిరా? మీరు చెప్తిరని, మీ మాట మీద, నేను సంతకం పెడితి కదా మేడమ్!”

“అవును లోకనాథ్.”

“అవునంటే?” అతను బయటికి వెళ్ళిపోయాడు.

నాగవేణి తలెత్తింది. “ఆ బిడ్డ బాగుండిందా మేడమ్? చేతులూ కాళ్ళూ అన్నీ?”

“అన్నీ బాగుండేవి.”

“పోండి మేడమ్” అంది నాగవేణి. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇందుమతిని వీధి చివరిదాకా తరుముకుంటూ వచ్చింది.

అక్కడినుంచే ఆమె గంగరత్న ఇంటికి వెళ్ళింది. ఒక్క ముక్క కూడా దాచకుండా ఆమెకూ చెప్పింది. గంగరత్న చేటలో బియ్యం ఏరుతూ విని, చెయ్యి ఆపి, గోడ మీది కొడుకు ఫొటో వైపు చూసింది.

“మీరు సరిగ్గా చెప్పింటే నేనూ తీయించుకునేదాన్నేమో. అప్పుడు వాడు నాకు ఆ పదహారు నెలలు కూడా ఉండేటోడు కాదు కదా మేడమ్” అంది. మళ్ళీ చేట అందుకుని, “మీరు ఇంక మా ఇంటికి రావద్దండి” అని కూడా అంది.

ఆ వారంలోనే ఇందుమతి తన తప్పంతా రాసి, సంతకం పెట్టి వైద్య మండలికి పంపింది.

నాగవేణి నాలుగు వారాలు రాలేదు. పదహారో వారంలో ఒక ఉదయం మొగుణ్ణీ అత్తనూ వెంటబెట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. “రక్తం తీయండి. ట్యూబు మీద పేరు నేనే రాస్తా.”

షంషాద్ కలం ఇచ్చింది. నాగవేణి ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది.

ఈసారి పెద్దదాని వాటా నూటికి యాభై మూడు. కులశేఖర్ అప్పటికే బెంగళూరునుంచి వచ్చి ఉన్నాడు. కాగితం చూడగానే అతని మొహం వెలిగింది. “మన లెక్క కన్నా తొందరగా పోతోంది. ఇంకో మూడు వారాల్లో పూర్తయిపోతుంది.”

“ఏది పూర్తయిపోతాది సార్?” అంది నాగవేణి.

“జబ్బున్న కణాలు ఒక్కటి కూడా మిగలవమ్మా. బిడ్డకు సంపూర్ణ ఆరోగ్యం.”

“జబ్బున్న కణాలంటే యావి?”

ఇందుమతి చెప్పింది. “ఇప్పుడు కడుపులో పడిన బిడ్డవి, నాగవేణీ. ఆ బిడ్డ కణాలన్నీ జబ్బువే.”

“అంటే పెద్దది చిన్నదానికి మందు వేస్తాండ్లేదు.” నాగవేణి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. “దాని జాగాలో ఇది కూర్చుంటాంది.”

ఆమె ఇందుమతి వైపు తిరిగింది.

“ఇప్పుడు నా కడుపులో ఉండేది ఎవరు మేడమ్?”

ఇరవై తొమ్మిదేళ్ళలో గర్భిణులు ఇందుమతిని అడగని ప్రశ్న లేదనుకుంది. ఇది ఎవరూ అడగలేదు. “ఇద్దరూ” అంది చివరికి. “ఈ రోజుకు సగం సగం.”

“ఆపొచ్చునా?”

కులశేఖర్ ముందుకు వంగాడు. ఆపొచ్చు, తల్లి వైపునుంచి మాయలోకి దాటే దారిని మూసే మందొకటి ఉంది, కానీ ఆపకూడదు అన్నాడు. ఈ రోజు ఆపితే సగం కండరాలే మంచివి. బిడ్డ బతకొచ్చు, బతకకపోవచ్చు. బతికినా ఒక పక్క చచ్చుబడిపోవచ్చు. “మూడంటే మూడు వారాలమ్మా. ఓపిక పడితే గంతులేసే బిడ్డ పుడుతుంది.”

“మూడు వారాలు ఓపిక పడితే చిన్నది ఎంత మిగుల్తాది?”

“మిగలదు” అన్నాడు అతను.

లోకనాథ్ భార్య పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “నాగవేణీ, వినే. అదీ మన బిడ్డే, ఇదీ మన బిడ్డే. బిడ్డ నడవాల కదే. మనం పోయినాక దాన్ని ఎవరు ఎత్తుకుంటారు?”

“పోయినసారి తెలియక ఒకటి పాయె. ఈసారి తెలిసి తెలిసి ఇంకోటి పోగొట్టుకోమంటావా?”

“బతికే దారి కదే ఇది!”

“ఎవరికి?”

అతను తల్లి వైపు చూశాడు, ఆమె తన పక్షాన మాట్లాడుతుందన్న ఆశతో. ‘పెద్దది తిరిగొచ్చింది’ అని చేతులు జోడించిన చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పెద్దకొడుకు ఆ జబ్బుతోనే పోయాడని ఇందుమతికి తెలుసు. వాడి మాట చౌడమ్మ ఎన్నడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

“మీయన్న మెడ ఎత్తలేదురా” అంది చౌడమ్మ కొడుకుతో. “మెడ ఎత్తలేదు గానీ నా గాజుల చప్పుడు వింటే నవ్వేటోడు. వాని జాగాలో ఇంకొకణ్ణి తెచ్చి, వీడు గంతులేస్తాడు ఎత్తుకోమంటే, నేను ఎత్తుకుందునో లేదో నాకే తెలియదు.”

లోకనాథ్ తల వంచుకున్నాడు. “నీ ఇష్టం” అన్నాడు నాగవేణితో. ఆ తర్వాత చాలా రోజులు అతను భార్యతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రోజే మందు మొదలుపెట్టారు. మొదటి సూది పడిన గంటకు నాగవేణికి ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. జ్వరం లేదు. “లోపల్నుంచి తోస్తాన్నట్టుంది మేడమ్, తలుపు వేసినాక బయట నిలబడి తోసినట్టు” అంది పళ్ళు బిగించి. ఇందుమతి ఆమె పక్కనే కూర్చుంది. సాయంత్రానికి వణుకు తగ్గింది. వారం తర్వాత పరీక్ష చేస్తే వాటా యాభై అయిదు దగ్గర ఆగిపోయింది. నాగవేణి రక్తంలో మూడో మనిషి కణాలు ఒక్కటీ లేవు. దాటగలిగినవి దాటేశాయి, మిగిలినవి ఏమయ్యాయో జల్లెడకు కూడా అంతుపట్టలేదు.

“వీపు కాడ ఇంక ఏమీ నడవడం లేదు” అంది నాగవేణి. “ఆరేళ్ళుగా ఉన్నట్టు కూడా తెలియలేదు. పోయినాక తెలుస్తాంది.”

ముప్పై ఎనిమిదో వారంలో పాప పుట్టింది. ఏడ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ గట్టిగా ఆడాయి. కుడి పక్క రెండూ మెత్తగా, వేలాడినట్టుగా ఉన్నాయి. కుడి భుజాన, ఎడమ భుజాన చర్మం రంగుల్లో చిన్న తేడా ఉంది. ఆ రెండు రంగులూ కలిసే గీత ఛాతీ మధ్యలోంచి సన్నగా దిగింది, ఎవరో జాగ్రత్తగా కుట్టినట్టు. ఎడమ పక్కతో పాటు ఊపిరి తీసే కండరాలు కూడా పెద్దదానివే అయ్యాయని కులశేఖర్ ఫోనులో చెప్పాడు. అదృష్టం అన్నాడు. ఆ గర్భం గురించి వ్యాసం రాసుకుంటానని అడిగితే నాగవేణి ఒప్పుకోలేదు.

వైద్య మండలి ఇందుమతిని ఏడాదిపాటు ప్రాక్టీసు చెయ్యొద్దంది. ఆమె క్లినిక్‌కు తాళం వేసి తాళంచెవి షంషాద్ చేతికిచ్చింది. పాపకు అయిదో నెల వచ్చాక ఒక పొద్దున నాగవేణి ఇంటికి వెళ్ళింది. డాక్టరుగా వెళ్ళలేదు, సంచీ కూడా పట్టుకోలేదు. లోకనాథ్ మగ్గం మీద ఉన్నాడు. ఆమెను చూసి నేత ఆపలేదు, కానీ వద్దని కూడా అనలేదు.

నాగవేణి పాపను చాప మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది. కుడికాలిని మెల్లగా మడిచి చాపుతోంది. పాప ఆమె మొహంలోకి చూస్తూ కేరింతలు కొడుతోంది.

“మెడ నిలబడింది మేడమ్. మొన్న మంగళవారం.”

ఇందుమతి చాప పక్కన కూర్చుంది. “నన్ను క్షమించమని అడగడానికి వచ్చినాను నాగవేణీ.”

నాగవేణి చెయ్యి ఆగలేదు. “నన్నెందుకు అడుగుతారు? పోయింది నేను కాదు కదా. దాన్నే అడగండి.”

ఇందుమతికి అది ఎత్తిపొడుపేమో అనిపించింది. నాగవేణి మొహంలో అలాంటిదేమీ లేదు. నిజంగానే అంటోంది. ఇందుమతి వంగి, పాప మీదికి తల దించి, గొంతు తగ్గించి, “తప్పయిపోయింది తల్లీ” అంది.

పాప ఆమె వైపు చూడలేదు. తల్లినే చూస్తూ, బోసినోటితో నవ్వుతోంది. కుడిచెయ్యి చాప మీద మెత్తగా పడి ఉంది. ఎడమచెయ్యి మాత్రం మెల్లగా లేచి, గాలిలో కాసేపు తడుముకుని, ఇందుమతి కుడిచేతి చూపుడువేలిని పట్టుకుంది.

పసిపిల్లల పట్టు ఎలా ఉంటుందో ఇందుమతికి తెలుసు. ఇది అలా లేదు. వేలి చివర తెల్లబడి, తర్వాత నల్లబడింది. పాప నవ్వుతూనే ఉంది. తల్లి గాజులు కదిలితే అటు తల తిప్పింది, పక్కింటి మగ్గం చప్పుడుకు ఇటు తిప్పింది. తన ఎడమచెయ్యి ఏం చేస్తోందో ఆ మొహానికి తెలిసినట్టే లేదు.

అది క్షమించడమో మరొకటో ఇందుమతికి అంతుపట్టలేదు. వేలు లాక్కోవాలని కూడా అనిపించలేదు. అలాగే వంగి ఉండిపోయింది.

కాసేపటికి నాగవేణి నూనె చేతులు తుడుచుకుని ముందుకు జరిగింది. “చాల్లే అమ్మా, వదులు” అంది. ఏ బిడ్డతో అందో ఆమెకే తెలుసు. ఆ పిడికిలిని చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పసాగింది.